అమెరికా ఊరికి వాస్తు

ముందే చెప్పేస్తున్నాను, ఆ ప్రాజెక్టుకు మా అమ్మాయికి ఏ బహుమతీ రాలేదు. మొదటిది ఎవరిదో పిరమిడ్‌కు పోయింది, రెండోది చైనా గోడకు పోయింది. మా అమ్మాయి చేతిలో పాల్గొన్నందుకని ఒక సర్టిఫికెట్ పెట్టి పంపారు. పాల్గొన్నది ఆమె ఎక్కడ, నేను! అట్టలు కోసింది నేను, జిగురు అంటి వేళ్ళ తోలు ఊడింది నాకు, ఆఫీసులో కూర్చుని కునికిపాట్లు పడి మాటలు పడింది నేను. పిల్లలకు పని ఇస్తున్నామని ఈ బడులవాళ్ళు పైకి చెబుతారు. ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో వాళ్ళకు తెలుసు, తెలిసే ఇస్తారు.

ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రపంచ వారసత్వం పేరుతో ప్రదర్శన పెట్టారు. టీచరమ్మ ఒక డబ్బాలో చీటీలు వేసి తలా ఒకటి తీయమంది. పక్క ఫ్లాటు పిల్లకు తాజ్‌మహల్ వచ్చింది. ఆ తల్లి అదృష్టవంతురాలు, ఉప్పల్ పోయి బొమ్మ కొనుక్కొచ్చి చుట్టూ నాలుగు ప్లాస్టిక్ చెట్లు గుచ్చి చేతులు దులుపుకుంది. మా అమ్మాయి చీటీలో ఏముందంటే, తెల్లవాళ్ళు ఓడల్లో వలస వచ్చిన కాలంనాటి ఒక చిన్న అమెరికా పట్టణం, దాని చరిత్ర, దాని వారసత్వం. నమూనా కట్టాలి, వచ్చినవాళ్ళకు వివరించాలి.

నేనూ ఉప్పల్ పోయాను. రింగురోడ్డు దగ్గర సందులో మాకు అలవాటైన స్టేషనరీ దుకాణం ఉంది. సంగతి చెబితే దుకాణపాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"అక్కా, చార్మినార్ ఉన్నది, గోల్కొండ ఉన్నది. అమెరికాదంటే గా దీపం పట్టుకున్న బొమ్మ ఉన్నది, గది తీస్కపో."

"బొమ్మ కాదన్నా, ఊరు కావాలె. పాతకాలం ఊరు."

"ఊరు ఎవలు కొంటరక్కా?" అని నవ్వి, థర్మాకోల్ పలకలు, పచ్చ కాగితం, ప్లాస్టిక్ చెట్లు, జిగురు డబ్బా కట్టి ఇచ్చాడు.

నేను నాచారం పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో లెక్కలు రాస్తాను. కాబట్టి అట్టకు కొదవ లేదు. తుక్కులో పోయే ముక్కలు ఏరి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేదాన్ని. మా ఆయన మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు మనిషి. ఆయనను సాయం అడిగితే, "నాకు గవన్ని రావే" అని దుప్పటి కప్పుకునేవాడు. పెళ్ళినాటి నుంచీ ఆయనకు రానివన్నీ నాకే వచ్చాయి.

అది అసలే మంచి నెల కాదు. ఆ ప్రాజెక్టుకు ముందే నా నెత్తిన ఇంకో బండ ఉంది, అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా అత్తగారివాళ్ళది నారపల్లి దాటాక లోపలికి ఒక పల్లె. మా వాళ్ళలో చనిపోయినవాళ్ళను కాల్చరు, బొంద పెడతారు, అదీ సొంత చెలకలోనే, అంటే మెట్టచేలోనే. మా మామ సమాధి అట్లాగే వాళ్ళ చెలకలో ఒక మూలన ఉంది. ఆ సమాధి పక్కన మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంచారు. అది మా దగ్గరే ఉండే అత్తమ్మది. ఆమె పేరున ఇల్లు లేదు, భూమి లేదు, మెడలో ఉన్నది కూడా పుస్తెలు తీసేశాక వేసుకున్న సన్నటి గొలుసే. కానీ ఆ జాగా మాత్రం తనది. ప్రతి పెత్రమాసకు, అదే పెద్దలకు పెట్టుకునే అమావాస్యకు, బస్సెక్కి పోయి, సమాధి కడిగి, సున్నం వేసి, పూలూ నైవేద్యమూ పెట్టి, తన జాగాలో మొలిచిన గడ్డి పీకి వచ్చేది. "నన్ను ఆయన పక్కన్నే పెట్టుండ్రి" అని నెలకోసారైనా అనేది. అన్నం తినేటప్పుడు కూడా అనేది. వినీ వినీ మాకు విసుగొచ్చేది.

మామ పోయాక కొడుకులిద్దరూ ఆ చెలకను ప్లాట్లు వేసే వెంచర్‌వాళ్ళకు అమ్మేశారు. సమాధి జోలికి రామని అప్పుడు వాళ్ళు నోటిమాటగా చెప్పారు. వీళ్ళు నోటిమాటే నమ్మి సంతకాలు పెట్టి వచ్చారు. తర్వాత ఆ వెంచర్ ఇంకొకరి చేతికి పోయింది. కొత్తవాళ్ళకు నోటిమాటలతో పనేమిటి? సమాధి కనబడితే పక్క ప్లాట్లు ఎవరూ కొనడం లేదు, పెత్రమాస లోపల లేపేయండి, లేకపోతే మేమే చదును చేయిస్తాం అన్నారు.

లేపడానికి అడ్డం ఒకటే. భర్త సమాధి మీద పార పడాలంటే బతికున్న భార్య నోటితో ఊ అనాలని మా వాళ్ళలో పట్టింపు. ఆమె మాట లేకుండా తవ్వే మనిషి కూడా దొరకడు. మరి ఆమెకు చెప్పేదెవరు? మా ఆయన, "మా అన్న పెద్దోడు, ఆయన చెప్పాలె" అంటాడు. మా బావేమో ఫోను చేసి, "అమ్మ నీ దగ్గర్నే ఉంటది గదమ్మా, జర మంచి మూడ్ల ఉన్నప్పుడు నువ్వే చెప్పు" అంటాడు. అమ్మేటప్పుడు నన్నెవరూ అడగలేదు. చెప్పేటప్పుడు మాత్రం నేను గుర్తొచ్చాను. నాకు కాలిపోయేది. పోనీ చెప్పేద్దామా అంటే ఆ ముసలామె ముఖం చూస్తూ నోరు రాదు. చెప్పకుండా ఉందామా అంటే పెత్రమాస దగ్గరికొస్తోంది. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. ఇట్లాంటి గోరుచుట్టు మీద ఆ అమెరికా ఊరు రోకటిపోటు.

సరే, మొదలుపెట్టాం. మా అమ్మాయి ఫోన్లో చదివి చెబుతుంటే నేను కోసి అతికించాను. అతికించేకొద్దీ ఆ ఊరి సంగతులన్నీ నాకు నోటికి వచ్చేశాయి. నా సొంతూరి గురించి కూడా నాకు అన్ని తెలియవు. ఓడలో కొన్ని కుటుంబాలు తమ చర్చి పాస్టర్‌ను వెంటబెట్టుకుని వచ్చి ఒక నది పక్కన దిగాయట. నడుమ పశువులు మేయడానికి పెద్ద పచ్చిక బయలు వదిలారు. దాని చుట్టూ ఇంటి జాగాలు కొలిచి తలా ఒకటి పంచుకున్నారు. పచ్చిక ఒడ్డున ఒక పెద్ద చెక్క మందిరం కట్టారు. ప్రార్థనా అందులోనే, పంచాయితీ అందులోనే. ముందు బల్ల మీద ఎవరు కూర్చోవాలి, వెనక ఎవరు కూర్చోవాలి అని ఒకటే తగాదాలట. పరువు ఉన్నవాడు ముందు, లేనివాడు వెనక. అది చదివినప్పుడు మాత్రం నాకు హాయిగా అనిపించింది. మన పెళ్ళిళ్ళలో కుర్చీల కొట్లాట మనతోనే మొదలవలేదన్నమాట. తప్పు చేసినవాడి కాళ్ళు చెక్క బొండలో బిగించి పచ్చిక మీద అందరి ముందూ కూర్చోబెట్టేవాళ్ళట. ఆ బొండ చెయ్యడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది.

మందిరానికి ఆనుకునే శ్మశానం. ఊరి బయట కాదు, ఊరి నడుమ. నల్ల పలకరాళ్ళ మీద రెక్కలున్న పుర్రె బొమ్మ చెక్కేవాళ్ళు. ఊరు ఎంత పెరిగినా, చుట్టూ దుకాణాలు వచ్చినా, ఆ రాళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నాయట. రోడ్డు వెడల్పు చేయాల్సి వస్తే రోడ్డునే పక్కకు తిప్పుకున్నారట. పాత ఇళ్ళకు కట్టిన సంవత్సరం రాసి బోర్డులు పెట్టారట. సొంత ఇంటి కిటికీకి రంగు మార్చాలన్నా ఊరి కమిటీని అడగాలట.

"మన ఇంటికి మనం రంగేసుకోనీకి ఇంకొకల్ని అడగాల్నా? గదేం ఊరే!" అని దుప్పటి లోపలి నుంచి మా ఆయన అన్నాడు. ప్రాజెక్టులో ఆయన వంతు సాయం అంతే.

పుర్రె రాళ్ళు అతికించిన రోజు మొదలైంది అసలు గొడవ. అత్తమ్మ చూసి, "గివేంది?" అంది.

"సమాధులు బాపమ్మా" అంది మా అమ్మాయి.

"ఇంట్లనా! హాల్ల బొందలగడ్డ పెట్టుకుంటరా ఎవలన్న? తీసెయ్యుండ్రి ముందుగాల."

"అట్టముక్కలు అత్తమ్మా" అన్నాను.

"అట్టవైతేంది, ఏవైతేంది. దీపం పెట్టే ఇల్లు. గడప అవతల పెట్టుండ్రి."

గడప అవతల అంటే మెట్ల దగ్గర. అక్కడ పెడితే కింది ఫ్లాటు వాళ్ళ చిన్నపిల్లలు మందిరం గోపురం విరిచేశారు. బాల్కనీలో పెడితే జల్లు కొట్టి పచ్చిక బయలు పాడయింది. మళ్ళీ హాల్లోకే తెచ్చి, పాత తెల్ల పంచె ఒకటి కప్పాను. అత్తమ్మ సోఫాలోంచి దాన్నే చూస్తూ కూర్చుంది. "బట్ట కప్పినంక అచ్చం గట్లనే ఉన్నది" అంది. పంచె తీసి పూల దుప్పటి కప్పాను. అమ్మా తల్లీ, నీకు దండం అనుకున్నాను. మాట్లాడితే తన జాగా గురించి చెప్పే మనిషికి అరచేయంత అట్ట శ్మశానం అంటే ఇంత భయమా అని ఒళ్ళు మండింది. కానీ ఆమె లెక్క వేరు. చెలకలో ఉన్నది ఆమెకు శ్మశానం కాదు, ఆయన ఉండే చోటు. ఇది మాత్రం ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ బొందలు.

మా అమ్మాయికి నలుగురిలో మాట్లాడాలంటే వణుకు. అందుకని ముందు ఇంట్లో తెలుగులో చెప్పడం నేర్చుకోమన్నాను. వినేదెవరు? నాకు వంట, వాళ్ళ నాన్నకు నిద్ర. ఇక మిగిలింది బాపమ్మ. సాయంత్రాలు ఆమె ఎల్లిపాయ పొట్టు తీస్తూ వినేది. వద్దు వద్దంటూనే రెండు రోజుల్లో ఆమెకూ ఆ ఊరు అలవాటైపోయింది. పాస్టర్ ఇల్లు ఏది, కుండలు చేసేవాడి ఇల్లు ఏది అని అడిగేది. బొండలో కాళ్ళు బిగించేవాళ్ళంటే, "మీ పెద్ద డాడీని ఓ పూట కూసోపెట్టాలె" అంది తన పెద్దకొడుకును తలుచుకుని. నేను వంటింట్లో నవ్వాపుకోలేకపోయాను.

ఒకరోజు అడిగింది, "ఆళ్లు రాకముందు గాడ ఎవలుండేటోళ్లు బిడ్డా? ఉత్త అడివేనా?"

"లేదు బాపమ్మా, వేరేటోళ్లు ఉండె. అక్కడ పుట్టినోళ్లే. నది ఒడ్డుకు మక్కజొన్నలు ఏసుకునేటోళ్లు."

"మరి ఆళ్లు ఏడికి పోయిన్రు?"

"ఓడలోళ్లు ఆళ్లతోని కాగితం మీద గుర్తు పెట్టిపిచ్చుకున్నరంట. జర జాగ వాడుకుంటరేమో అనుకొని ఆళ్లు పెట్టిన్రంట. తర్వాత కంచెలేసి, మీరు రావద్దన్నరంట. చానా మంది రోగాలొచ్చి సచ్చిపోయిన్రంట, మిగిలినోళ్లను ఎల్లగొట్టిన్రంట."

"ఆళ్ల బొందలు?"

"తెల్వదంట బాపమ్మా. దున్నేసిన్రంట. గివి ఓడల ఒచ్చినోళ్లయే."

అత్తమ్మ ఎల్లిపాయ రెబ్బ చేటలో వేసి తల ఊపింది.

"అంటే వెంచరేసిన్రన్నట్టు."

నేను పొయ్యి కట్టేశాను. అప్పుడే చెప్పేద్దామనిపించింది. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను కూడా. "ఏందే?" అంది. "ఎల్లిపాయ చాలు అత్తమ్మా" అని లేచి వచ్చాను. ఆ రాత్రి మా ఆయన మీద అరిచాను. కన్నతల్లి కదా, కన్న కొడుకువు కదా, నా గొంతు మీద కత్తి పెట్టడం ఏమిటి అన్నాను. "ఆదివారం అన్న ఒస్తుండు, ఇద్దరం కలిసి చెప్తం" అన్నాడు.

ఆదివారం మా బావ వచ్చాడు. ఈయన నాగోల్‌లో ఉంటాడు. ప్లాట్లు అమ్మిపెట్టే పని. పొద్దున లేస్తే నారపల్లి దారిలో ఇంకా పూర్తికాని పైవంతెన స్తంభాల మధ్య దుమ్ములో కారేసుకుని తిరుగుతూ, కొనేవాళ్ళకు లేఅవుట్లు చూపిస్తాడు. వాస్తు ఆయనకు సొంతంగా వచ్చేసింది. దిక్కులు చూడకుండా మంచినీళ్ళు కూడా తాగడు. మా ఇంటి పొయ్యి మూడుసార్లు జరిపించాడు. గ్యాసు గొట్టం అందక నేను మళ్ళీ మూడుసార్లు వెనక్కి జరుపుకున్నాను.

వచ్చినవాడు అమ్మతో చెప్పాల్సింది చెప్పొచ్చు కదా! సోఫాలో కూర్చోగానే కళ్ళు, దుప్పటి తీసి పెట్టిన మా అమెరికా ఊరి మీద పడ్డాయి. ఇక ప్రాణం లేచి వచ్చింది ఆయనకు.

"గిది ఏ లేఅవుట్ బిడ్డా?"

మా అమ్మాయి చెప్పింది. అమెరికా మ్యాపు చూపించమన్నాడు. ఊరు ఎక్కడుందో చూశాడు. తొడ మీద ఒక్క చరుపు చరిచాడు.

"ఈశాన్యం! సూసినవా తమ్మీ, దేశానికే ఈశాన్యంల దిగిన్రు. తూర్పుకు సముద్రం. నీళ్లు తూర్పుకుంటె ఎట్లుంటది? గందుకే గాళ్లు గంత పైకొచ్చిన్రు. మనోళ్లకు చెప్తె ఇనరు."

"చెప్పేది ఇంకోటి ఉండె గద బావా" అన్నాను నేను. ఆయన వినలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం ఊదేది చూస్తాడు.

"నడుమ ఖాళీ జాగ ఇడిసిపెట్టిన్రు జూడు, బ్రహ్మస్థానం. తెలిసినోడే గీసిండు. కనీ గీ గుడికి ఎదురుంగ రోడ్డొచ్చి తాకుతున్నది, వీధిపోటు. గిది జర జరపాలె. గీ ఇండ్లకు పొయ్యి నడుమ ఎవలు పెట్టిన్రు?"

"అక్కడ చలి ఎక్కువ పెద్ద డాడీ. నడుమ పొయ్యి ఉంటె ఇల్లంత వెచ్చగ ఉంటదని గట్ల కట్టుకునేటోళ్లు."

"చలికి వాస్తుకు ఏం సంబంధం బిడ్డా? పొయ్యి ఆగ్నేయానికే ఉండాలె."

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన ఫోను వైపు చూశాడు. అప్పుడు బావ దృష్టి శ్మశానం మీద పడింది. కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"ఈశాన్యం మూలకు బొందలగడ్డనా! గిది ఇంట్ల ఉంచిన్రా ఇన్ని దినాలు? గందుకే తమ్మునికి ప్రమోషన్ ఒస్తలేదు."

"నేను మొదటిసంది అదే అంటున్న" అంది అత్తమ్మ.

"బావా, అది బడిల చూపించాల్సింది. దాని జోలికి పోకుండ్రి. ఎల్లుండే ప్రదర్శన" అని గట్టిగా చెప్పి, కుక్కర్ కూత వేస్తుంటే వంటింట్లోకి వెళ్ళాను. అన్నం, పప్పుచారు, కోడికూర. పెద్దకొడుకు వచ్చాడని అత్తమ్మ చెప్పి చేయించింది. మా అమ్మాయిని పెరుగు తెమ్మని కిందికి పంపాను. అదే నేను చేసిన తప్పు.

వంటింట్లోంచి వచ్చేసరికి మా బావ నేల మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు, చేతిలో నా అట్టలు కోసే కత్తి. సమాధి రాళ్ళన్నీ ఊడబీకి పక్కన కుప్ప పోశాడు. ఆ చోట పచ్చ కాగితం అతికించి, మిగిలిన చెట్లు రెండు గుచ్చాడు. అట్టతో చిన్న బల్ల కూడా చేసి పెట్టాడు, కూర్చోవడానికి. పనిమంతుడే!

పెరుగు డబ్బాతో మా అమ్మాయి లోపలికి వచ్చి చూసి ఒక్క కేక పెట్టింది. అది ఏడుస్తుంటే నాకు దుఃఖం, కోపం ఒకేసారి వచ్చాయి. "మీకు చెప్పిన్నా లేదా బావా? చెప్పిన్నా లేదా? మీ చేతులు ఊరికే ఉండవా?" అని బావ అని కూడా చూడకుండా అరిచాను.

"ఎందుకు గరం అయితవమ్మా? ఫికర్ జెయ్యకు. పార్కు పెట్టిన. ఎంత మంచిగున్నది సూడు ఇప్పుడు. ఎవలన్న ఒచ్చి జూస్తే మనసు పడతరు. ఐదు నిమిషాల పని, గంతే."

అత్తమ్మ సోఫా మీది నుంచి ముందుకు వంగి చూస్తోంది. ఆ శ్మశానం తీసేయమని తల తిన్న మనిషి ఆమే. సంతోషిస్తుందనుకున్నాను.

"పెద్దోడా, గా రాళ్ల కింద ఉన్నోళ్లేరి?" అంది.

బావ నవ్వాడు. "అట్ట రాళ్లమ్మా. కింద ఎవలుంటరు?"

"నారపల్లిల కూడ గిట్లనే జేస్తర్రా?"

బావ చేతిలో ఇంకో ప్లాస్టిక్ చెట్టు ఉంది. మా ఆయన ఫోను బోర్లా పెట్టాడు. ఆమెకు ఎవరు చెప్పారు అంటే ఎవరూ చెప్పలేదు. కొడుకు చేతులు ఆ పని ఎంత సులువుగా చేశాయో చూసింది, అంతే.

బావ నా వైపు చూశాడు, నువ్వు చెప్పు అన్నట్టు. ఇక నా వల్ల కాలేదు.

"మీరే చెప్పుండ్రి బావా. ఇంతసేపు అమెరికాకే దిక్కులు చెప్పిన్రు. మీ అమ్మకు ఇదొక్కటి చెప్పలేరా?"

చెప్పాడు. చెట్టు చేతిలో తిప్పుతూ చెప్పాడు. కొననీకి వచ్చినోళ్ళు సమాధి చూసి వెనక్కి పోతున్నారని, వెంచర్ కొత్తోళ్ళు మంచి మాటతో వినేటట్టు లేరని, పెత్రమాస లోపల లేపకపోతే మిషన్ పెట్టి చదును చేస్తారని, అప్పుడు ఆయన ఎముకలు కూడా దక్కవని. "గందుకే మనమే మర్యాదగ లేపుకుందం అమ్మా. ఇటు శ్మశానంల మంచి జాగ సూస్తం. బాపుకు మల్ల కట్టిస్తం, టైల్సేపిస్తం. ఇప్పటికన్న మస్తుంటది. నువ్వు ఊ అంటే చాలు."

"మరి నా జాగ?"

"గాడ పక్కన ఖాళీ ఇడిసిపెట్టరమ్మా. ఎవలు ముందొస్తే గాళ్లకే ఇస్తరు."

"అంటే నన్ను ఇంకెవలి పక్కనో పెడతరు."

మా ఆయన, "అమ్మా, నువ్విప్పుడే గవన్ని ఎందుకు మాట్లాడతవ్?" అన్నాడు. రోజూ మాట్లాడే మాటే అది. ఇన్నేళ్ళూ అందరం విసుక్కుంటూ విన్నదే. ఇవాళ దానికి జవాబు చెప్పాల్సి వచ్చేసరికి ఇప్పుడే ఎందుకట.

అత్తమ్మ మనవరాలిని దగ్గరికి పిలిచి కొంగుతో దాని ముఖం తుడిచింది.

"బిడ్డా, నీ ఊర్ల గా బొందలు ఎన్నేండ్లసంది ఉన్నయన్నవ్?"

"మూడు వందల ఏండ్ల పైన బాపమ్మా."

"ఎవలు లేపలే?"

"లేపలే. రోడ్డునే తిప్పుకున్నరు."

"ఆళ్ల కొడుకులు మంచోళ్లు" అంది.

తర్వాత పెద్దకొడుకు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు, కళ్ళనీళ్ళు పెట్టలేదు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినట్టు చెప్పింది.

"లేపుండ్రి. ఆయనను మీ ఇష్టమున్న కాడ పెట్టుండ్రి. నన్ను మాత్రం పెట్టకుండ్రి. కాలబెట్టుండ్రి."

మా వాళ్ళలో ఇప్పటివరకు ఎవరినీ కాల్చలేదు. ఆమెకు నిప్పంటే భయం. పెళ్ళైన కొత్తలో కట్టెల పొయ్యి మీద చీర అంటుకుని పిక్క కాలింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. టీవీలో చితి కనిపిస్తే ముఖం తిప్పుకునే మనిషి. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు, ఆ కొడుకులకు మరీ తెలుసు.

"బూడిదైతే ఎవ్వల ప్లాటుకు అడ్డం రాదు" అంది.

ఆ మాట అనేసి ఇద్దరు కొడుకుల ముఖాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. బావ గట్టిగా ఊపిరి వదిలాడు. అతని భుజాలు కిందికి దిగడం నేను చూశాను, పెద్ద బేరం తెగినట్టు.

"సరే అమ్మా, నీ ఇష్టం ఎట్లుంటే గట్లనే చేస్తం" అన్నాడు.

మా ఆయన బోర్లా పెట్టిన ఫోను మళ్ళీ తిప్పుకున్నాడు. ఇంత నోరున్న నేను కూడా కుప్ప పోసిన అట్ట రాళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాను. గట్ల అనకమ్మా అని ఆమె కన్న ఇద్దరిలో ఒక్కడూ అనలేదు. అంటారేమోనని ఆమె ఇంకాసేపు వాళ్ళ వైపే చూస్తూ కూర్చుంది.